రెండు మేకులు

ఉడికిన బంగాళాదుంపకి రెండు చిల్లులుంటే
అది మా ఇంటిదే.
హియుమా దీవిలో, మా వీధి వరకూ,
ఇది అందరికీ తెలుసు.

మార్చిలో, సముద్రం మీద మంచు ఇంకా విరగకముందే
పక్షవాతం నా ఎడమ వైపంతా పట్టుకుపోయింది.
డాక్టరమ్మ చెయ్యెత్తమంది.
ఎత్తాననే అనుకున్నాను.
దుప్పటి మీద అది
ఎవరో మర్చిపోయిన ఉన్ని తొడుగులా పడి ఉంది.

ముప్పై ఏళ్లు సైకిలు మీద ఉత్తరాలు పంచినదాన్ని.
ఇంటికొచ్చాక ఒక దుంప నన్ను ఓడించింది.
కత్తి ఆనించగానే జారి, దొర్లి, పొయ్యి కిందికి.
వంగలేను. చీపురుతో లాగాను.
మళ్లీ జారింది.
మూడోసారి పిల్లి తన్నుకుంటూ పోయింది దాన్ని.
ఏడ్చాను. దుంప కోసం.
నవ్వితే నవ్వండి.

పక్కింటి కాల్యో పడవలు చేసేవాడు.
మాటలు కూడా మేకుల్లాగే లెక్కపెట్టి వాడతాడు.
ఏమీ అడగలేదు. సాయంత్రానికి
ఒక బర్చ్ చెక్క పలక తెచ్చి బల్ల మీద పెట్టాడు,
తుప్పుపట్టని మేకులు రెండు
కింది నుంచి కొట్టి, మొనలు పైకి.
"గుచ్చు" అన్నాడు.
గుచ్చాను.
దుంప కదల్లేదు.
తొక్క ఒక్క పొడుగున ఊడి నా మోకాలి మీద పడింది.

తర్వాతివి నేనే కనిపెట్టుకున్నాను.
గిన్నె తిరక్కుండా కింద తడిగుడ్డ.
సీసా మూత తియ్యాలంటే సీసాని సొరుగులో నిలబెట్టి
తుంటితో సొరుగు నొక్కి పట్టడం.
తీగ మీద దుప్పటి ఆరేసేటప్పుడు క్లిప్పులు పళ్ల మధ్య,
అప్పుడు పలకరించొద్దు నన్ను.
సూపు కుండ మోయను.
తపాలా ఆఫీసు పారేసిన చక్రాల బండి తెచ్చుకున్నాను,
పొయ్యి నుంచి బల్ల దాకా
ఇప్పుడు సూపు బట్వాడా చేస్తున్నాను.

ఒంటిచేత్తో చప్పట్లు మోగవు, సరే.
రోజూ ఎవరు కొడతారు చప్పట్లు?

ఎడమచేతిని చాలాకాలం "అది" అనే అన్నాను.
కిటికీ తెరిస్తే పేపరు ఎగిరిపోకుండా
ఎత్తి దాని మీద పెడతాను.
బరువుగా ఉంటుంది. వెచ్చగా కూడా.

జూన్‌లో, చీకటే పడని పండగ రాత్రి,
చెల్లెలి మనవరాలు పిరెట్ పళ్లెంలోకి చూసి
"దీన్ని పాము కరిచిందా?" అంది.
"కాదే, కాల్యో కరిచాడు" అన్నాను.

అతను నవ్వడం అంతకుముందు వినలేదు నేను,
నోటినిండా దుంప, గడ్డానికి సోయాకూర.
నా చెయ్యి బల్ల మీద ఉంది,
నేను పెట్టిన చోటే.