చిట్లినవాటి చిట్టా

షిన్‌చూ ఊళ్ళో అక్టోబరు గాలి
తలుపు తట్టదు, తోసుకునే వస్తుంది.
ఊరవతల వెదురు చాటల్లో
మన తునికికి మేనత్త వరసయ్యే పెర్సిమన్ పళ్ళు
ఎండకి కాదు, ఆ గాలికే ఎండుతున్నాయి.

మూడో అంతస్తులో ఫాన్ యీ-జున్
నలభై వేల మిశ్రమాల్లోంచి
యంత్రం ఏరిపెట్టిన ఏడింటిని చూస్తోంది.

ట్రాన్సిస్టర్ కుంచించుకుపోయే కొద్దీ
దాన్ని కలిపే రాగి తీగకు ఆయాసం.
వెంట్రుకను ఎనిమిది వేల పోచలుగా చీల్చి
అందులో ఒక్క పోచంత సన్నం చేస్తే
ఎలక్ట్రాన్లు గోడలకు గుద్దుకుంటాయి,
ఇరుకు సందులో ఊరేగింపులాగ.
ఇంకొకటి కావాలి,
చిక్కినా సత్తువ చావనిది.

మొదటిది కొలిమిలో పొరలు పొరలుగా లేచింది.
రెండోది తేమ తగిలి నల్లబడింది.
మూడోదాని సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఎవరు నేర్పారే నీకు?"
అచ్చయిన పత్రాలు నేర్పాయి.
అచ్చయ్యేది గెలిచిన రోజే కదా.
ఓటమి ఎరగని గుమాస్తా
దేనికైనా తలూపుతాడు.

ఆదివారం బస్సెక్కి సిన్‌పు వెళ్ళింది.
రిటైరైన టెక్నీషియన్ చుంగ్ తా-షుయ్
పళ్ళు తిరగేస్తున్నాడు, వేళ్ళు నారింజ రంగు.
చాటల వెనకనుంచి ఒక పెట్టె లాగాడు.
పంతొమ్మిది నోటుపుస్తకాలు.
"ఎలకలకంటే ముందే వచ్చావు, తీసుకుపో."

నాలుగు వందల డిగ్రీలు. చిట్లింది.
మాలిబ్డినం పాలు పెంచాను. మళ్ళీ చిట్లింది.
కుదిరిందనుకున్నాను. తెల్లారేసరికి బూడిద రంగు.
వాన. ఈ రోజు లెక్కలోకి రాదు.

పదకొండు రాత్రులు టైపు చేసింది.
వాన రోజు దగ్గర ఆగి,
పాత వాతావరణ పట్టికలు వెతికి
తేమ తొంభై ఒకటి అని అదీ ఎక్కించింది.
లెక్కలోకి రాని రోజు
ఆ లెక్కకి ఆధారమైంది.

ఏడు పేర్లూ మాయమయ్యాయి.
కొత్తగా రెండే వచ్చాయి.
ఒకదాని పక్కన,
ఇన్ని నెలల్లో మొదటిసారి,
యంత్రం రాసింది: నాకు సరిగ్గా తెలియదు.

ఆ మాటకే యీ-జున్‌కి
దానిమీద గురి కుదిరింది.
తెలియని దాన్నే ముందు కొలిమిలో పెట్టింది.

రాత్రి పదకొండింటికి ముసలాయన ఫోను.
హలో లేదు, పలకరింపు లేదు.
"చిట్లిందా?"

"ఇంకా చల్లారలేదు తాతా."

అవతల గాలి,
చాటలు లోపల పెడుతున్న చప్పుడు.
"ఏదైనా సరే, తారీఖు వేసి రాయి."