ఋణ గుర్తు

రాత్రి రెండు దాటాక
టొలీడో నీళ్ళ ల్యాబ్‌లో నేనూ, త్రాసూ మేలుకుని ఉంటాం.
గ్రాములో పదివేలో వంతు పట్టేస్తుంది అది.
గాజు తలుపులు మూయకపోతే
నా ఊపిరిని కూడా బరువు కింద రాసేస్తుంది.

ఇవాళ పని తక్కువ.
కోటు జేబులోంచి ఉత్తరం తీశాను,
జెనివీవ్ షిమాన్స్కి అని పేరు తప్పు లేకుండా రాసిన ఉత్తరం.
మడత విప్పకుండానే పళ్ళెంలో పెట్టాను.
అంకెలు కాసేపు తడబడి ఆగాయి:
నాలుగు పాయింటు ఐదు రెండు ఒకటి ఏడు.

ముప్పై ఒక్క వేల ఆరువందల డాలర్ల అప్పు
ఐదు గ్రాములు కూడా తూగలేదు.

మా తమ్ముడు థాడ్ వింటే పడీపడీ నవ్వుతాడు.
పద్దెనిమిదికే పైపుల పనిలో చేరాడు వాడు,
వెల్డింగ్ నేర్పుతూనే జీతమిచ్చారు.
ఇప్పుడు గంటకి నలభై ఒకటి.
నాకు పద్దెనిమిది డెబ్భై ఐదు.
థాంక్స్‌గివింగ్ నాడు ఈ లెక్క ఎవరూ పైకి అనరు,
టర్కీ కోసే కత్తి మాత్రం వాడి చేతికిస్తారు.

నేను చూసింది వేరే.
తొమ్మిదో తరగతిలో, మామీ నది బురద ఒక్క చుక్క.
అందులో ఒక రోటిఫర్,
తలమీద రెండు చక్రాలు తిప్పుకుంటూ
ఎక్కడికో తొందరగా పోతోంది.
బెల్లు కొట్టినా లేవలేదు నేను.
ఆ చుక్కకి ఎవరూ బిల్లు వేయలేదు
అప్పట్లో.

కణం రెండుగా చీలే ముందు ఒకచోట ఆగుతుంది.
రాసుకున్నదంతా మళ్ళీ చదువుకుంటుంది.
తప్పుంటే దిద్దుకుంటుంది,
దిద్దలేకపోతే చీలడమే మానుకుంటుంది.
ఇది మూడో సెమిస్టర్‌లో చెప్పారు.
సంతకం మొదటిదానికంటే ముందే అయిపోయింది
వంటింటి బల్ల మీద.
అమ్మ నైట్‌డ్యూటీకి బూట్లు వేసుకుంటూ
"పెన్ను రాయకపోతే నా పర్సులో ఇంకోటుంది" అంది.

అసలు కన్నా వడ్డీ ముద్దంటారు.
అది అప్పిచ్చినవాడి ముద్దు.
మొదటి నెల మూడువందల నలభై మూడు కడితే
నూట నలభై ఐదు వడ్డీయే మింగింది.
పన్నులు పోను చూస్తే
నెలలో ఇరవై రెండు గంటలు
నేను పిపెట్ పట్టేది వాళ్ళ కోసమే.

నాతో షిఫ్టు మారే ఓడెల్‌కి డిగ్రీ లేదు.
సరస్సు మీద నాచు ఎప్పుడు తిరగబడుతుందో
ముప్పై ఏళ్ళుగా వాసన చూసి చెప్తాడు.
ఏ నాచు, ఎంత విషం అని అడిగితే మాత్రం
మాట్లాడకుండా కుర్చీ నావైపు తోస్తాడు.

పోయిన ఆగస్టులో ఒక నమూనా గీత దాటింది.
రెండోసారి చూశాను, మూడోసారి చూశాను,
ఫోను చేశాను.
తెల్లారేలోగా బొగ్గుపొడి మోతాదు పెంచారు.
ఊరు లేచి కాఫీ పెట్టుకుంది.
ఆ కాఫీని ఏ పళ్ళెంలో వేసి తూచాలో
ఈ త్రాసుకీ తెలీదు, థాడ్‌కీ తెలీదు,
నిజం చెప్పొద్దూ, ఒక్కో నెలాఖరున నాకూ తెలీదు.

త్రాసుకి ఒక బటనుంది, టేర్ అని.
నొక్కితే గిన్నె బరువు మర్చిపోయి
మొదటినుంచి మొదలెడుతుంది.
నొక్కాను.
ఉత్తరం పళ్ళెంలోనే ఉంది,
తెరమీద మాత్రం అన్నీ సున్నాలు.
పోయినేడు ఆరునెలలు వాయిదా అడిగితే
వాళ్ళూ ఇదే బటను నొక్కారు.

ఉత్తరం తీసేశాను.
అంకెలు వెనక్కి పరిగెత్తి,
అదే నాలుగున్నర, ముందొక చిన్న అడ్డగీత.
ఆ గీతని ఋణం అని పిలిచినవాళ్ళెవరో
ఇలాంటి రాత్రి ఒకటి గడిపే ఉంటారు.

నాలుగు గంటల నమూనా వచ్చింది.
సీసా ఇంకా సరస్సంత చల్లగా ఉంది.
మళ్ళీ టేర్ నొక్కాను, ఈసారి ఖాళీ పళ్ళేనికి,
వడపోత కాగితం పెట్టి
తలుపులు మూసి
ఊపిరి బిగబట్టాను.