ఇత్తడి బిళ్ళ, నంబరు పదిహేడు

చింతమొద్దులు ఒక బండి, పదకొండణాలు.
బొగ్గు లేదు. రేపు వస్తుందన్నారు.
తువ్వాళ్ళు నలభై, పోయినవి మూడు.
కాట్పాడి మీదుగా రైల్లో వచ్చిన బాయిలరు
ఇంకా స్టేషన్లోనే ఉంది,
జమీందారు గారి ఏనుగు కోసం.

ఇలా మొదలవుతుంది
చిత్తూరు తుర్కీ స్నానాల కంపెనీ లిమిటెడ్ చిట్టా.
సంతపేటలో పాతకాగితాల కొట్టువాడు
కిలో పద్దెనిమిది రూపాయల లెక్కన తూచి ఇచ్చాడు నాకు.
చెదలు తిన్న మేరకు బరువు తగ్గింది,
అంతే లాభం.

షేరు పది రూపాయలు.
వాటాదార్లు అరవై ఇద్దరు:
వకీళ్ళు, బెల్లం మండీ వాళ్ళు,
పింఛను పుచ్చుకునే తాసీల్దారు ఆర్ముగం మొదలి,
లండన్లో ఒకసారి చెమట పట్టించుకుని వచ్చి
ఆ చెమట గురించే పదేళ్ళు మాట్లాడిన డాల్టన్ దొర.

మూడు గదులన్నాడు దొర.
వెచ్చని గది, ఉడుకు గది, నిప్పుల గది.
ఆపైన చల్లని తొట్టి.
సభలో ఎవరో లేచారు.
"అయ్యా, కత్తిరెండల్లో ఆ మూడు గదులూ
మా ఇండ్లల్లోనే ఉండాయి గదా,
తొట్టి ఒకటి కట్టించండి, చాలు."
సభ్యులు నవ్విరి, అని రాశాడు గుమాస్తా.
కింద గీత కూడా గీశాడు.

పంతులొకాయన జాబు రాశాడు:
తుర్కీ స్నానం చేసి ఇంటికొచ్చాక
మళ్ళీ స్నానం చేయవలెనా?
హకీం వాజిద్ సాహెబును పిలిపించి అడిగితే
గడ్డం నిమురుకున్నాడట.
"ఇది మాదీ కాదు నాయనా.
మా తాతలు ఉడుకునీళ్ళు పోసుకున్నారు గానీ
డివిడెండు తీసుకోలేదు."

మొదటి తరగతి చెమట ఎనిమిదణాలు, ఇత్తడి బిళ్ళ.
రెండో తరగతి మూడణాలు, రేకు బిళ్ళ.
ఆడవాళ్ళకు శుక్రవారం.
ఆ వాక్యం తర్వాత కొట్టేశారు.

బిళ్ళ లేని చెమట పేజీ నలభై ఒకటిలో ఉంది:
కట్టెల మునెక్క, రోజుకు అణాన్నర.
ఎదురుగా వేలిముద్ర, మసితో పడింది.
సిరా ఖర్చు కంపెనీకి మిగిలింది.

మా అవ్వకు అవ్వ ఆమె.
నేలకింది సొరంగంలో నడుము వంచి
మొద్దు వెనక మొద్దు తోసింది,
పైన వకీళ్ళ వీపులు పదునెక్కేదాకా.
గోడకు అటుపక్క డబ్బిచ్చి కార్చిందీ
ఇటుపక్క కూలికి కారిందీ
ఒకే కాలవలో నీవా ఏటికి పోయేది.
ఆ కాలవ మరమ్మతుకు మూడు రూపాయలు, పేజీ యాభై.

ఐదో ఏడు వానల్లేవు.
బావి అడుగు కనపడింది.
నీళ్ళ బండి ధర స్నానం ధరను దాటింది.
దొర చల్లదనం వెతుక్కుంటూ నీలగిరికి పోయాడు.
వేలూరు నుంచి లిక్విడేటరు వచ్చి
పీటలు లెక్కపెట్టాడు, రంగుటద్దాలు లెక్కపెట్టాడు,
గంట ఒకటి, తువ్వాళ్ళు ఇరవై రెండు.
కట్టె: ఉండవలసినది రెండు బండ్లు. ఉన్నది లేదు.
ఇక్కడ గుమాస్తా కలం ఆగినట్టుంది,
మరక పెద్దది.

ఆ రెండు బండ్ల సంగతి చిట్టాలో లేదు,
మా ఇంట్లో ఉంది.

వేలానికి ముందు రాత్రి
మునెక్క, ఆమె చెల్లెలు ఎల్లి,
తువ్వాళ్ళు ఉతికే నారమ్మ,
తాళంచెవి తెచ్చిన కావలి పీరు పెండ్లాం.
పొయ్యి గొంతుదాకా మొద్దులు కూరి
మొట్టమొదటిసారి మెట్లెక్కి పైకి పోయారు.
వెచ్చని గది. ఉడుకు గది.
నిప్పుల గదిలో కాలు పెడతానే
ఎల్లి బయటికి ఉరికింది,
"దీనికా ఎనిమిదణాలు!" అని.
తక్కిన ముగ్గురూ రాతిపీట మీద ఊరకే కూర్చున్నారు.
ఏమీ మోయకుండా చెమట పడితే
ఎట్లుంటాదో చూసుకున్నారు.
తొట్టిలో నీళ్ళేడివి? మడమల లోతు బురద.
అందులోనే కాళ్ళు పెట్టుకుని
తెల్లారేదాకా మాట్లాడుకున్నారు నలుగురూ.
ఏం మాట్లాడుకున్నారో నాదాకా రాలేదు.

బాయిలరును బెల్లం మండీ వాళ్ళు పాడుకున్నారు.
బిళ్ళల్లో ఒకటి తక్కువొచ్చింది.
దాన్ని మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ
మొలతాట్లో కట్టారు, నాదాకా.
మొన్న చింతపండుతో తోమాను.
తరగతి అరిగిపోయింది, అంకె మిగిలింది.
కాసేపు గుప్పిట్లో పెట్టుకుంటే వెచ్చబడతా ఉంది.
ఏ ఇత్తడైనా అంతేలే.