నవ్వు చెక్కొద్దు

బ్ర్నో నగరంలో పిల్లల ఆసుపత్రి, ఐదో అంతస్తు.
ప్రతి మంగళవారం ఒక చెక్క దిమ్మెతో వెళ్తాను.
నేను డాక్టర్ని కాను. ఎలా ఉన్నావని అడగను.
ఆ ప్రశ్న రోజుకు పదకొండుసార్లు వస్తుందని
హెద్వికా లెక్కపెట్టి చెప్పింది.

పదహారేళ్లు. ఎడమ మోకాలి పైన, ఎముకలో కణితి.
మొదటిరోజు నా ఉలి చూసి చెయ్యి చాపింది.
నర్సు బ్లాంకా అడ్డొచ్చింది:
ప్లేట్‌లెట్లు తక్కువ, గోరంత గాటు పడినా నెత్తురు ఆగదు.
పోనీ, గరుకు కాగితం?
తెల్లకణాలు అడుగంటాయి, చెక్కపొడి పీల్చకూడదు.
పోనీ, రంగులు?
వాసనకే వాంతి.
"అయితే నేనేం చెయ్యాలి," అంది, "చప్పట్లు కొట్టాలా?"

అలా మొదలైంది మా పని.
గాజు తలుపుకు బయట, బాల్కనీలో, మంచు పొడిలో నేను,
వేళ్లు కత్తిరించిన చేతితొడుగులతో.
లోపల వెచ్చటి గదిలో తను.
మధ్యలో తన చూపుడువేలు.

పైకి. ఇంకొంచెం. ఆగు.
కనుబొమలు వద్దు, నాకు లేవు, వాడికెందుకు?
ముక్కు కాస్త వంకర తిప్పు,
కొట్లాటలో విరిగినట్టు. గెలిచిన కొట్లాటలో.
నలభై ఏళ్లుగా రాజులనూ దయ్యాలనూ అలవోకగా చెక్కిన చెయ్యి
ఒక పిల్ల వేలిగోటికి జడిసి
పూచికపుల్లంత, పూచికపుల్లంత తీసింది.

మూడో మంగళవారం పెదవుల దగ్గరికొచ్చాం.
అలవాటు చొప్పున ఉలి కొస పైకి తిరిగింది.
టకటకా గాజు మీద దెబ్బలు.
మాస్కు కిందికి లాగి, ఒక్కో అక్షరం నోరంతా తెరిచి:
న వ్వు
చె క్కొ ద్దు.

వెనకే ఫోన్లో మెసేజ్:
"ఇక్కడ గోడలన్నీ నవ్వుతాయి.
జిరాఫీ నవ్వుతుంది, సూర్యుడు నవ్వుతాడు,
స్కానింగ్ మిషన్‌కు అతికించిన చేప కూడా.
ఇవన్నీ అయిదేళ్ల పిల్లల కోసం.
నాతో ఊరికే ఉండేవాడు ఒకడు కావాలి."

గీతలాంటి నోరు చెక్కాను.
ఏడుపు కాదు, కోపమూ కాదు,
ఆలస్యమైన బస్సు కోసం నిలబడ్డవాడి నోరు.

దారాలు కట్టేరోజు నన్ను లోపలికి రానిచ్చారు.
దారాల మీంచి నా చూపు
తన ఛాతీలోంచి వేలాడే గొట్టం మీదికి పోయింది.
"అనకు," అంది. "నాకు తెలుసు.
మనమంతా బొమ్మలం, ఆడించేవాడు పైనున్నాడు.
పోయిన వారం ఒక పెద్దాయన వచ్చి చెప్పి వెళ్లాడు."
నేనేమీ అనలేదు.
స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచి
దారాల పట్టె తన చేతిలో పెట్టాను.

మర్నాటినుంచి వార్డులో రౌండ్లకు ఇద్దరు వచ్చారట,
డాక్టర్ వాన్యూరా ఒకరు,
ఇన్‌స్పెక్టర్ హుబేనీ ఇంకొకరు, నా గుప్పెడు చెక్క.
"ఎలా ఉన్నారు డాక్టర్?" అడిగింది బొమ్మ.
బాగున్నాను.
"నిన్నటికంటే?"
బాగానే.
"పదిలో ఎంత?"
ఆయన మంచం అంచున కూర్చుండిపోయాడు.
నాలుగు, అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు.
ఎదుటి మంచం మీద
మూడు వారాలుగా పెదవి విప్పని విలేమ్
దిండులో మొహం దాచి కుదిలిపోయాడు.
దాన్ని ఏమనాలో బ్లాంకాకు తెలీలేదు.
నవ్వని బొమ్మ వల్ల, అని మాత్రం ఫైల్లో రాసింది.

ఆపరేషన్‌కు ముందు ఒక్కటే కోరింది:
ఎడమ మోకాలి దారం వదులు చెయ్యి.
"ముందు వాడు కుంటనీ.
ఎలా నడవాలో చూసి పెట్టుకుంటా."
ఎన్నో బొమ్మలకు నడక నేర్పినవాణ్ని.
ఆ ముడి వేయడానికి
రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఈ మంగళవారం తన మంచం ఖాళీ.
స్కానింగ్‌కు వెళ్లిందట, ఇంకా రాలేదట.
సెలైన్ స్టాండుకు ఇన్‌స్పెక్టర్ వేలాడుతున్నాడు,
మెడలో ఒక చీటీ:
విలేమ్‌కు కుక్క కావాలి.
కరిచేది.

కొత్త దిమ్మె తీసి బాల్కనీలో కూర్చున్నాను.
గాజు వెనక కుర్రాడు నావైపు చూడటం లేదు,
చేతులు దుప్పటి కింద.
మంచు పడుతోంది.
ఉలి వెచ్చబడేదాకా చంకలో పెట్టుకున్నాను.
వేలు ఇంకా లేవలేదు.
నాకేం తొందర లేదు.