పొగకు తోవ

అబ్దలీల మా తోటకు ఉత్తరం కంచె పక్కన
పదడుగుల పొడుగు, ఎనిమిదడుగుల వెడల్పు క్యాబిన్.
ఎండకాలం అది పెనం.
డిసెంబర్ల గోడకు చెయ్యి ఆనిస్తే
కాసేపటికి ఆ చెయ్యి మనదో కాదో తెల్వదు.

కఫీల్ ఇరవై దీనార్లు ఇచ్చి
"సోబా కొనుక్కో, మంచిది చూసి" అన్నడు.
మంచిదంటే ఏందో చెప్పలే.

శుక్రారం అంగడిల పొయ్యిలను
కోడెలను కట్టేసినట్టు వరుసగ నిలవెట్టిండ్రు.
నేను ఒళ్లు నిమరలే,
మూతులు తెరిచి పండ్లు చూసిన.

ఒకటి నల్లగ నిగనిగ, అద్దం తలుపు,
దాని కడుపుల నా పరుపు పడుతది.
గింత అర్రల గంత మంటేస్తే తలుపు తెరుసుకొని కూసోవాలె,
సన్నగ ఏస్తే గొట్టం నిండ మసి.
"ఇది దివానియాకు భాయ్, నీ డబ్బాకు కాదు"
అమ్మేటోడే నవ్విండు.
ఇంకోటి ఎనిమిది దీనార్లే.
గోటితో కొడితే నూనె డబ్బా చప్పుడు.
ఒక చలికాలానికి ఎర్రబడి
రెండోదానికి బొక్కలు పడే జాతి.

ఆఖరికి షువైఖ్‌ల వెల్డింగ్ చేసే గుల్ జమాన్ దగ్గర తేలిన.
పాత సిలిండర్ కోసి చేసిండు, మోకాలెత్తు.
లోపల అడ్డంగ ఒక పలక,
మంట సక్క గొట్టంలకు ఉరుకకుండ
ఒకసారి ఎనుకకు మళ్లి పోతదట.
వచ్చీరాని హిందీల అన్నడు:
"ఎన్ని కట్టెలు పడుతయని అడుగకు,
ఎంత పొగ వస్తదో అడుగు.
పొగంటే ఇంక కాలని కట్టె.
నువ్వు పైసలు పెట్టి కొన్నది మొగులు కాపుకుంటది."

నాకు తెల్వనిదా.
మెట్‌పల్లి దిక్కు పసుపు కొప్పెరల కింద
పదకొండేండ్లు మంట ఎగేసినోన్ని.
నల్లపొగ లేస్తే కట్టెలమ్మేటోడు నవ్వుతడనేటోల్లం.
సమర్ మొద్దు బరువు, తెల్లారేదాక నిప్పు దాస్తది.
ఖర్జూరం మట్ట గడ్డిలెక్క ఎగిసి ఆరుతది.
రంగేసిన పెట్టెల చెక్క ముట్టనే ముట్టొద్దు.
అన్నీ చెప్పిన, నా తెలివి నేనే ఇనుకుంట.

అప్పుడు గుల్ జమాన్ టేపు తీసి,
"గొట్టం ఎన్ని అడుగులు?" అన్నడు.

నోట మాట రాలే.

నాకంటే ముందు ఆ క్యాబిన్‌ల నడిపి లింగన్న ఉండెటోడు.
నిరుడు జనవరిల, బయట మంట ఆరినంక
ఎర్రటి బొగ్గులు బట్టలుతికే బేసిన్ల ఎత్తుకొని లోపలికి పోయిండు.
కిటికీ సందుల లుంగీ కుక్కిండు.
తలుపు కింద గోనెసంచి.
ఏదీ మరువలే, అంత పైలంగ.
పొద్దుగాల నేనే తలుపు నూకిన.
మొఖం ఎర్రగ, మంచి కల పడ్డోని లెక్క.
బేసిన్ల బూడిద ఇంక గోరువెచ్చగ ఉండె.

బొగ్గుకు పొగ లేదు.
అందుకే నమ్మిండు.
పొగ కండ్లు మండిచ్చి చెప్పి వస్తది,
అది చెప్పకుంట వచ్చింది.

"పన్నెండడుగులు" అన్న.
"కప్పు మీదికి రెండున్నర లేవాలె."
పొయ్యికి పదకొండు, గొట్టానికి పదమూడు.
నాలుగు దీనార్లు నా జేబులకెల్లే పోయినయి.
పొయ్యి కంటే గొట్టానికి ఎక్కువ పెట్టినోన్ని
నిన్నే చూసిన్నని గుల్ జమాన్ చాయ్ తాపిండు.

ఇయ్యాల మొదటి మంట.
కేతిలి మూత తకతకలాడుతుంటే
బయటికొచ్చి కప్పు మీదికి చూసిన.
పొగ కానరాలే.
గొట్టం కొస మీద మాత్రం
రెండు చుక్కలు నీళ్లల్ల ఉన్నట్టు అల్లల్లాడుతున్నయి.

మల్ల లోపలికి పోయిన.
కిటికీ సందుల ఇంక లింగన్న లుంగీ పోగు ఒకటి
రేకుకు చిక్కుకొని ఉన్నది.
తియ్యలే.
ఆ సందుకెల్లి చలి సన్నగ వస్తున్నది,
కాళ్లకు తగులుతున్నది.
తగలనిచ్చి పండుకున్న.