రెండు గంటల దాకా

జనవరి అంటే అసున్సియోన్‌లో
తారురోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదలని నెల.
నాలుగో నంబరు బజారులో, రేకు కప్పు కింద,
గరిటెలకీ జల్లెడలకీ మధ్య నేను కూర్చుంటాను.
పేరు దియోలిందా.
ఫ్యాను ఉంది.
మా వరసకి కరెంటు గుర్తొచ్చినప్పుడు తిరుగుతుంది.

తాపీమేస్త్రీ క్రెసెన్సియో వచ్చాడు,
కనుబొమల మీద సున్నం, చంకలో తోలు తొడిగిన ఫ్లాస్కు.
"ఐస్ ట్రే కావాలి" అన్నాడు
పిల్లకి సంబంధం అడిగినంత గంభీరంగా.

మూడు రకాలు బల్ల మీద పరిచాను.

ఇది అల్యూమినియం. మీట లాగితే కటకటా విడిపోతుంది.
మా అత్త ఇంట్లో ఇలాంటిదే ఉండేది,
తడి వేళ్లతో ముట్టుకుంటే కాస్త చర్మం ఉంచుకునేది.
ఇది నీలం ప్లాస్టిక్, చవక.
మెలితిప్పావా, సగం ముక్కలు పొయ్యి కిందికి పరార్.
ఒక్క వేసవి దాటితే మూలన పగులు,
ఆ సంగతి నీకు వంటింటి నేల చెబుతుంది.
ఇక ఇది సిలికాన్. పాపాయి చెవి తమ్మెలా మెత్తన.
కింద బొటనవేలితో నొక్కితే
ముక్క మర్యాదగా లేచి వస్తుంది.
కానీ పక్కన కోసిన ఉల్లిపాయ పెట్టావో
వారమంతా ఉల్లి ఐసే.
నిండుగా నింపి ఎత్తితే నడుం వాల్చేస్తుంది,
కింద పలక కావాలి. పలక వాళ్లివ్వరు.

అతను వినీ విననట్టు
ఒక్కో గుంతనీ ఫ్లాస్కు మూతి పక్కన పెట్టి
ఒక కన్ను మూసి చూశాడు,
ఇటుకల వరస సరిచూసినట్టు.

"ఎంతమంది మీరు?"
"తొమ్మిది. కొమ్ము గ్లాసు ఒకటే, గొట్టం ఒకటే.
పదింటికి తెరెరే మొదలెడతాం.
ఆకు మీద చల్లనీళ్లు పోసేది నేను, చేతులు మారేది గ్లాసు.
పన్నెండుకల్లా ఐస్ ఖతం.
రెండు గంటలకి తాగేది గడ్డి ఉడకేసిన నీళ్లు.
గోడ వంకరపోయేదీ అప్పుడే."

సిలికాన్ ట్రే ఇరవై ఐదు వేల గ్వారనీలు.
శుక్రవారం అద్దె.
మనసు కాసేపు నీళ్లు నమిలింది.

"ట్రే వద్దు" అన్నాను.
"చిన్న ముక్కలు చిన్నపిల్లల్లాంటివి, ఎండలో ఇట్టే సోలిపోతాయి.
ఒకటే పెద్ద గడ్డ అయితే ఎండకి ఒళ్లు తక్కువ చూపిస్తుంది.
పొడుగాటి చేపల డబ్బా ఉంటుంది చూడు,
నీ ఫ్లాస్కు మూతిలో సరిగ్గా దిగుతుంది.
వేలెడు వెలితి ఉంచి నీళ్లు పోయి, రాత్రంతా గడ్డకట్టనీ.
పొద్దున్నే కుళాయి కింద ఒక్క క్షణం తిప్పితే జారుతుంది."

అతను పైన వేలాడుతున్న వాటికేసి చూశాడు.
"మరి అదేమిటి?"
"అరటిపండు కోసే యంత్రం.
మూడేళ్లుగా అక్కడే ఉంది. అడిగినవాళ్లకి కత్తి చూపిస్తాను."

డబ్బా మూత గరుకు లేకుండా ఊడాలి కదా,
అంచు పక్కనుంచి కోసే ఓపెనర్ ఒకటి అమ్మాను.
ఏడు వేలు. అద్దెలో ఓ మూల.

శనివారం రెండూ పదికి
కరెంటు మమ్మల్ని మర్చిపోయి గంటయింది.
క్రెసెన్సియో నా బల్ల ముందు నిలబడి
మాటా పలుకూ లేకుండా కొమ్ము గ్లాసు చాచాడు.
ఫ్లాస్కులో గడ్డ ఇంకా గోడకి తగులుతోంది,
టక్, టక్.

పీల్చాను. పళ్లు జివ్వుమన్నాయి.
పుదీనా, వేరు చేదు,
వాటి వెనక ఎక్కడో, పల్చగా,
చేప.

డబ్బాని నిమ్మతొక్కతో తోమమని చెప్పడం మరిచాను.
పై మేకు నుంచి నిమ్మకాయ పిండేది దించి,
దుమ్ము ఊది, అతని ముందు పెట్టాను.
అతను నవ్వాడు, మీసంలో సున్నం రాలింది,
మళ్లీ నీళ్లు పోశాడు.

ఇక్కడ గ్లాసు తిరిగిస్తూ థాంక్స్ అంటే
ఇక చాలని అర్థం.
నేను అనలేదు.