రెండు రోజుల తోట

ఈ ఏడు మాకు రెండు రోజులిచ్చారు.
మంగళవారం, బుధవారం.
కాగితం మీద మూడు ముద్రలు,
మా అత్త ఫిద్దా పేరులో రెండు తప్పులు.
చెట్లు ఎన్నో రాసే గడి మాత్రం ఖాళీ.

అత్త కాగితం చదవలేదు, వాసన చూసింది.
"సిరా కొత్తది," అంది, "మాట పాతదే."

మొదటి వాన కాయ మీది దుమ్ము కడిగేదాకా
కోతకు దిగకూడదనేవాడు మామ.
వానకు అనుమతి అక్కర్లేదు,
మా గడువు చూసుకొని అదెందుకొస్తుంది?

ఇనుప గేటు ఏడింటికి తీస్తామన్నారు.
తొమ్మిదయింది.
గాడిద మీద పరదాలు, ప్లాస్టిక్ దువ్వెనలు,
మరమియ్య ఆకు వేసిన టీ ఫ్లాస్కు.
నిచ్చెన ముంతసిర్ భుజం మీద.
సిపాయి దాన్ని అటూ ఇటూ తిప్పి
మెట్లు లెక్కపెట్టాడు.
ఎందుకో మరి.
మా కినాన్ కంటే ఐదారేళ్లు పెద్దవాడేమో,
గడ్డం మీద మొటిమ గిల్లుకున్న గాటు.

గుట్ట మీద నిరుడు ఒక్క తెల్ల రేకుల ఇల్లు.
ఇప్పుడు తొమ్మిది.
నీళ్ల ట్యాంకు, కుక్క, పిల్లల ఊయల.
ఊయలలో ఎవరూ లేరు, గాలి ఊగుతోంది.

అత్త చెట్లను అంకెలతో లెక్కపెట్టదు.
కుంటిది, బానపొట్టది, అక్కాచెల్లెళ్లు,
మా పెళ్లినాడు నాటింది,
మామ జైల్లో ఉన్న ఏడు కాయనిది.
పిలుస్తూ ముందు నడిచింది.
అక్కాచెల్లెళ్ల దగ్గర గొంతు ఆగింది.

కొమ్మలున్నాయి. ఆకులున్నాయి.
కాయ లేదు.
ఎవరో మాకంటే ముందే దువ్వేశారు,
తల దువ్వినట్టు కాదు,
ఈకలు పీకినట్టు.
మా హద్దురాయికి నీలి రంగు పూసి ఉంది.
దిగువ వరుసలో మొదళ్లు మాత్రమే మిగిలాయి,
రంపపు పొట్టు ఇంకా తడిగా ఉంది.
అత్త చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది.
ఏమీ అనలేదు.

గుట్ట మీంచి ఇద్దరు దిగివచ్చారు.
ఒకడి భుజాన తుపాకి,
ఇంకొకడు ఫోను ఎత్తి మమ్మల్ని వీడియో తీస్తున్నాడు.
"ఈ నేల మాకు రాసిపెట్టి ఉంది," అన్నాడు
అరబ్బీలోనే, శుభ్రంగా, బడిలో నేర్చుకున్నట్టు.
ముంతసిర్ రొమ్ము జేబులోంచి
తుర్కీ కాలపు శిస్తు రసీదు జిరాక్సు తీశాడు.
(అసలుది పిండి డబ్బాలో ఉంటుంది.)
వాళ్లు దాని వంక చూడనే లేదు.

అత్త అడిగింది:
"రాసిపెట్టి ఉందా? సరే.
వీటికి కొమ్మలు కత్తిరించేది ఏ నెలలో, చెప్పు."

ఫోను కాస్త కిందకు దిగింది.
మళ్లీ లేచింది.

అప్పుడు సిపాయి వచ్చాడు, గడియారం చూపించాడు.
గొడవైన చోటట, ఎవరూ ఉండకూడదట.
"ఎవరూ" అంటే మేమే.
మా మంగళవారం పదకొండింటికి అయిపోయింది.
రేపు గేటు తియ్యరు.

అత్త మోకాళ్ల మీద కూలబడింది.
రాలినవీ, టైరు కింద నలిగినవీ,
ముళ్లలో దాక్కున్నవీ
గౌను ఒళ్లోకి ఏరుతోంది.
వాడు యల్లా యల్లా అంటూనే ఉన్నాడు,
ఈమె ఏరుతూనే ఉంది.

గానుగలో తూకమేస్తే నాలుగు కిలోలు.
అబూ లబీబ్ తల గోక్కున్నాడు.
"ఇవి యంత్రం పళ్లకే అంటుకుపోతాయి తల్లీ,
పక్కవాళ్ల కాయలో కలిపేస్తా,
ఒక సీసా నూనె పట్టుకెళ్లు."
"కలపకు," అంది.
సంచీ చంకన పెట్టుకుని వచ్చేసింది.

రాత్రి వంటింట్లో ఒక్కో కాయనూ
రాతితో చిట్లగొట్టాం.
ఉప్పు, నిమ్మచెక్కలు, రెండు పచ్చిమిరపకాయలు.
"చేదు ఎన్నాళ్లకు పోతుంది?" అన్నాడు కినాన్.
"రోజూ నీళ్లు మారిస్తే పదిరోజులు.
మార్చకపోతే నాకంటే ఎక్కువే బతుకుతుంది."

సీసా మూత వదులు.
ఆ కాగితాన్ని తెమ్మంది,
ముద్రలు మూడూ లోపలికి పోయేట్టు మడిచి
మూత కింద బిగించింది.
తలకిందులు చేసి చూసింది.
కారలేదు.

తెల్లారగట్ల వాన మొదలైంది.
బుధవారం.